పట్నం కంటే ముందొచ్చిన చిన్న కుటుంబం

(స్మారకోపన్యాసం పాఠం)



మాకు పాఠాలు చెప్పిన మాస్టారి గురించి పొగడ్తలు వద్దని వారి ఇంటివాళ్లు ముందే చెప్పారు. చెప్పకపోయినా నాకు తెలుసు. సన్మానసభ అంటే ఆయన ఏదో ఒక వంక పెట్టి తప్పించుకునేవారు. సెమినార్ అంటే మాత్రం వెనక వరుసలో కూర్చుని, చివరి ప్రశ్న అయ్యేదాకా కదిలేవారు కాదు. అందుకని ఆయన ఇష్టపడే పనే చేస్తాను. ఆయన ఏళ్ల తరబడి చెప్పిన పాఠాన్నే తీసుకుని, పుస్తకంలో ఉన్నదానికీ మన ఊళ్లలో జరిగినదానికీ ఎక్కడ పొసగలేదో చూపిస్తాను. విషయం ప్రపంచ జనాభా పెరుగుదల, నగరీకరణ.

ఈ రెండింటినీ మనం జంటకవుల్లా ఎప్పుడూ కలిపే తలుస్తాం. జనాభా పెరిగిపోయింది కాబట్టి పట్నాలు కిక్కిరిశాయని ఆటోలో అంటాం, శాసనసభలోనూ అంటాం. ఈ రెంటినీ విడదీసి చూడమన్నవాడు కింగ్స్‌లీ డేవిస్. భారత, పాకిస్తాన్‌ల జనాభా మీద 1951లోనే పెద్ద గ్రంథం రాసిన అమెరికన్ సమాజశాస్త్రజ్ఞుడు. 1965లో రాసిన ఒక వ్యాసంలో ఆయన ఎత్తిచూపిన సంగతి చాలా చిన్నది, కానీ ఇప్పటికీ చాలామందికి ఎక్కలేదు. నగరీకరణ అంటే మొత్తం జనంలో పట్టణవాసుల వంతు. నగరాలు పెరగడం వేరు. పల్లెలు కూడా అదే వేగంతో పెరుగుతుంటే, నగరం రెండింతలైనా నగరీకరణ అంగుళం కూడా కదలదు.

మన దేశాన్నే చూడండి. 1951లో నూటికి 17 మంది పట్టణాల్లో ఉన్నారు, 2011లో 31 మంది. అరవై ఏళ్లలో కేవలం 14 పాయింట్లు. చైనాతో పోల్చి సిగ్గుపడేవాళ్లు ఈ లెక్క చూసే సిగ్గుపడతారు. కానీ తలలు లెక్కపెడితే, 1951లో పట్టణవాసులు 6 కోట్ల పైచిలుకు, 2011లో దాదాపు 38 కోట్లు. ఆరు రెట్లు. వంతుగా చూస్తే మనది నిదానమైన నగరీకరణ, మంచినీళ్ల ట్యాంకరు దగ్గర నిలబడి చూస్తే కనీవినీ ఎరుగని నగర విస్తరణ. రెండూ నిజమే.

ప్రపంచ జనాభా కథ మీకు తెలిసిందే, తొందరగా చెప్పేస్తాను. 19వ శతాబ్దం మొదట్లో 100 కోట్లకు చేరిన మనుషులు 200 కోట్లు కావడానికి నూరేళ్లకు పైగా పట్టింది. 1960కి 300 కోట్లు, 1974కి 400, 1987కి 500, 1999కి 600, 2011కి 700. 800 కోట్లకు చేరిన రోజుగా ఐక్యరాజ్యసమితి 2022 నవంబర్ 15ను ఎంచుకుంది. వరస చూస్తే ఆగేది లేదనిపిస్తుంది. నిజానికి 1960లలో ఏడాదికి 2 శాతం దాటిన పెరుగుదల రేటు ఇప్పుడు 1 శాతం లోపుకు దిగింది. అప్పట్లో స్త్రీకి సగటున ఐదుగురు పిల్లలు, ఇప్పుడు ఇద్దరికి కాస్త పైన. ఐక్యరాజ్యసమితి 2024 అంచనా ప్రకారం 2080ల నడుమ 1030 కోట్ల దగ్గర శిఖరం తాకి, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. జనాభా విస్ఫోటనం అన్న మాటతో పెరిగిన నా తరానికి ఇది మింగుడుపడదు. మా పాఠ్యపుస్తకాల్లో ఆ అధ్యాయం పక్కన ఎప్పుడూ కిక్కిరిసిన రైలు బొమ్మ ఉండేది.

ఇక నగరాల సంగతి. నగరం ఒకప్పుడు మనుషుల్ని తినేది. ఇది అలంకారం కాదు. 1842లో ఇంగ్లండ్‌లో కూలీల ఆరోగ్యం మీద ఎడ్విన్ చాడ్విక్ ఇచ్చిన నివేదికలో, మాంచెస్టర్ కూలీ కుటుంబాల్లో చనిపోయినవారి సగటు వయసు 17 ఏళ్లు. పల్లెటూరి జిల్లా రట్లాండ్ కూలీలకు 38. పుట్టేవాళ్ల కంటే పోయేవాళ్లు ఎక్కువైన నగరం, పల్లె నుంచి కొత్త నెత్తురు రాకపోతే ఖాళీ అయ్యేది. 1851 నాటికి ఇంగ్లండ్ జనంలో సగం మంది పట్టణాలకు చేరారంటే, పల్లె ఏటా ఎంతమందిని పంపి ఉంటుందో ఊహించుకోండి.

మన హైదరాబాద్ కూడా అలాంటి నగరమే. 1911లో 5 లక్షలున్న జనం 1921లో 4 లక్షలకు పడిపోయారు. ఆ పదేళ్లలో ప్లేగు వచ్చింది, 1918 ఇన్‌ఫ్లూయెంజా వచ్చింది. అంతకుముందు 1908 మూసీ వరద ఎలాగూ ఉంది. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, 1912లో నగరాభివృద్ధి సంస్థ పెట్టారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన చెరువులే తాగునీళ్లూ ఇచ్చాయి. హైదరాబాద్ నగరంగా నిలదొక్కుకున్నది నిజాం నగల వల్ల అనుకుంటాం గానీ, నా లెక్కలో గండిపేట (ఉస్మాన్‌సాగర్) నీళ్లకే ఎక్కువ మార్కులు.

మాంచెస్టర్ తరం నగరాలకూ మనవాటికీ తేడా ఇక్కడే వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత టీకాలు, యాంటీబయాటిక్స్, డీడీటీ మన నగరాలకూ చేరాయి. మరణాలు తగ్గాయి, కాన్పులు తగ్గలేదు. దాంతో నగరం తనలో పుట్టినవాళ్లతోనే పెరగడం మొదలుపెట్టింది. డేవిస్ దీన్ని అప్పుడే గమనించాడు. మనం మాత్రం ఇప్పటికీ ట్రాఫిక్ ఆగితే ఊళ్లనుంచి వచ్చి పడుతున్నవాళ్లను తిట్టుకుంటాం. మన దేశంలో పట్టణ జనాభా పెరుగుదలలో వలస వాటా మనం అనుకునేదానికంటే చాలా తక్కువ. పెద్ద వాటా పట్నంలోనే పుట్టినవాళ్లది. ఇంకో గట్టి వాటా, కదలకుండా ఉన్నచోటే పట్నం అయిపోయిన ఊళ్లది.

ఈ చివరి రకం దగ్గర కాస్త ఆగుతాను. 1950ల మొదట్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి సమాజశాస్త్రజ్ఞుడు శ్యామాచరణ్ దూబే ఒక బృందాన్ని తీసుకుని శామీర్‌పేటలో ఊరి జీవితాన్ని అధ్యయనం చేశారు. 1955లో వచ్చిన ఆయన పుస్తకం ‘ఇండియన్ విలేజ్’ను భారతీయ గ్రామానికి నమూనాగా ప్రపంచమంతా చదివింది. మాస్టారు మాకు దాన్ని పుట పుటా చెప్పారు. ఇవాళ శామీర్‌పేట పక్కనుంచి ఔటర్ రింగ్ రోడ్డు పోతుంది, అక్కడ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, చుట్టూ వెంచర్ల బోర్డులు. శామీర్‌పేట వాళ్లు పట్నానికి వలస రాలేదు, పట్నమే వాళ్ల దగ్గరకు వెళ్లింది.

అలాంటి ఊరిని ఎప్పుడు పట్నం అనాలి? జనగణనవాళ్లకు మూడు కొలతలున్నాయి. కనీసం 5 వేల జనం, చదరపు కిలోమీటరుకు 400 మంది, ముఖ్యంగా పనిచేసే మగవాళ్లలో నూటికి 75 మంది సేద్యం కాని పనుల్లో ఉండాలి. మగవాళ్లలో అన్న మాట గమనించండి. ఆడవాళ్లంతా పొలంలోనే ఉన్నా ఊరు పట్నం కావడానికి అడ్డేమీ లేదు. మగవాడు మేస్త్రీ పనికో, ఆటో తోలడానికో, సెక్యూరిటీ గార్డుగానో పోతే, పొలం పని ఆడవాళ్ల మీద పడితే, మన లెక్కల్లో దాని పేరు నగరీకరణ! ఈ కొలతలతో తేలిన జనగణన పట్టణాలు 2001లో 1362 ఉంటే 2011లో 3894 అయ్యాయి. కాగితం మీద పట్నం, పాలనలో పంచాయతీ. డ్రైనేజీ ఎవరు వేయాలో తెలియదు, నాలుగంతస్తుల ఇంటికి అనుమతి ఎవరివ్వాలో తెలియదు. మున్సిపాలిటీ చేస్తామంటే ఊరివాళ్లే వద్దంటారు. ఇంటిపన్ను పెరుగుతుంది, ఉపాధి హామీ పని పోతుంది. వాళ్ల అభ్యంతరంలో నాకు తప్పేమీ కనబడదు. 2024లో ఔటర్ చుట్టూ ఉన్న 51 పంచాయతీలను ప్రభుత్వం పక్క మున్సిపాలిటీల్లో కలిపినప్పుడూ ఇవే మాటలు వినిపించాయి.

ఇక పట్నం మనిషిని ఏం చేస్తుందన్న పాత ప్రశ్న. 1938లో సమాజశాస్త్రజ్ఞుడు లూయీ విర్త్ చికాగోలో కూర్చుని, జనం ఎక్కువై, ఒత్తుగా ఉండి, రకరకాలవాళ్లయితే బంధుత్వాలు సడలిపోతాయని, మనిషి మనిషికి అంటీముట్టనివాడు అవుతాడని రాశాడు. 1833లో కొన్ని వందల మంది ఉన్న చికాగో 1890కి పది లక్షలు దాటింది. చాలామంది బయటినుంచి వచ్చినవాళ్లే. ఆ ఊరిని చూసినవాడికి అలా తోచడంలో వింతలేదు. కానీ 1952లో మానవశాస్త్రజ్ఞుడు ఆస్కార్ లూయిస్, ఒక మెక్సికన్ పల్లె నుంచి మెక్సికో నగరానికి చేరిన కుటుంబాల వెంట వెళ్లి చూస్తే, వాళ్ల ఇళ్లు చెదరలేదు, నమ్మకాలు పోలేదు, చుట్టరికాలు ఇంకా బిగిశాయి.

మనకు లూయిస్ చెప్పనక్కర్లేదు, కార్తీకమాసం చాలు. కులసంఘాల వనభోజనాలు ఎక్కడ జరుగుతాయి? ఊళ్లో కాదు. ఊళ్లో ఎవరు ఏ కులమో అందరికీ తెలుసు, దానికి ప్రత్యేకంగా భోజనం పెట్టి చాటుకోనక్కర్లేదు. హైదరాబాద్‌లో, విజయవాడలో పార్కులు మాట్లాడుకుని, బ్యానర్లు కట్టి, చందాలేసి, పెళ్లి సంబంధాల పుస్తకం అచ్చువేసి మరీ చేస్తారు. 1918లోనే హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ వెలిసింది. తర్వాత ఒక్కో కులానికి ఒక్కో హాస్టల్, భవనం, కళ్యాణమండపం. వాటివల్ల ఎందరో పల్లెటూరి పిల్లలు చదువుకున్నారు, ఆ మేలు కాదనలేం. అయితే పట్నంలో కులం కరిగిపోతుందని ఆశపడ్డ మా తరం సమాజశాస్త్రం ఇక్కడ ఫెయిలైంది. పట్నం కులానికి సొంత భవనం కట్టి ఇచ్చింది. అడ్డా దగ్గర తెల్లవారకముందే నిలబడే పాలమూరు కూలీకి కూడా పట్నంలో మొదటి ఆధారం గుంపు మేస్త్రీ, తన ఊరివాడు, చాలాసార్లు తన కులంవాడు. బొంబాయి మిల్లులకూ, షోలాపూర్, భివండీ మగ్గాలకూ వెళ్లిన తెలంగాణ పద్మశాలీలు కూడా ఒంటరిగా వెళ్లలేదు, వాడలుగా వెళ్లారు.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు సంగతికి వస్తాను. పుస్తకం చెప్పే కథలో పట్నం ముందు వస్తుంది, చిన్న కుటుంబం తర్వాత వస్తుంది. పొలంలో పిల్లలంటే చేతులు, పట్నంలో పిల్లలంటే ఖర్చు. కాబట్టి పట్నం చేరిన రెండో తరం తక్కువ మందిని కంటుంది. ఈ కథకు చక్కటి రుజువు ఇథియోపియా. 2000 సర్వేలో అక్కడి పల్లెల్లో స్త్రీకి ఆరుగురికి పైగా పిల్లలు, రాజధాని అడిస్ అబాబాలో ఇద్దరికి లోపు. ఒకే దేశంలో, ఒకే సంవత్సరంలో. ఆ నగరంలో అప్పటికి ఇళ్లు దొరికేవి కావు, ఉద్యోగాలు లేవు, పెళ్లిళ్లు ఆలస్యమయ్యేవి.

మరి మనం? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1998-99లో స్త్రీకి సగటున 2.25 పిల్లలని చెప్పింది, 2005-06లో 1.8కి దిగింది. అప్పటికి రాష్ట్రంలో నలుగురిలో ముగ్గురు దాదాపు పల్లెల్లోనే ఉన్నారు. 2001లో ఆడవాళ్ల అక్షరాస్యత సగమే. పల్లెకూ పట్నానికీ కాన్పుల్లో తేడా స్వల్పం. అంటే మన చిన్న కుటుంబాన్ని కేరళ తోవలో చదువు తేలేదు, ఐరోపా తోవలో ఫ్యాక్టరీ తేలేదు, అడిస్ అబాబా తోవలో నగరం తేలేదు. మన దగ్గర పట్నం రాకముందే పట్నపు కుటుంబం వచ్చింది.

ఎలా వచ్చింది? ఒక జవాబు ఆపరేషన్. ఎమర్జెన్సీలో 1976-77 ఒక్క ఏడాదే దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి, వాటిలో ఎక్కువ భాగం మగవాళ్లకు. ఎన్నికల్లో ప్రభుత్వం ఓడిపోయింది. ఆ తర్వాత ప్రభుత్వాలు మగవాళ్ల జోలికి పెద్దగా పోలేదు, భారమంతా ఆడవాళ్ల మీదకు జరిగింది. టార్గెట్లు, క్యాంపులు, పాఠశాల బెంచీల మీద పడుకోబెట్టిన బాలింతలు, మా తరం చూసిందే. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం ఈ ఆపరేషన్ అయినవాళ్లు. చాలామందికి పాతికేళ్లలోపే అయింది. పదిహేడు, పద్దెనిమిదికి పెళ్లి, ఇరవై మూడుకు ఇద్దరు పిల్లలు, ఆపరేషన్. పెళ్లి వయసు పెద్దగా పెరగలేదు, కాన్పుల కాలమే ఐదారేళ్లకు కుదించుకుపోయింది. దీనికి ఇంకో అంకం ఉంది. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8. దేశంలోనే ఎక్కువ. జనాభా నియంత్రణలో మన విజయం అని సభల్లో చెప్పేవాళ్లు ఈ అంకెలు కూడా పక్కనే ఉంచి చెబితే బాగుంటుంది.

అయితే ఆపరేషన్ టేబుల్ ఒక్కటే జవాబంటే ఆ ఆడవాళ్లకు ఆలోచన లేదన్నట్టవుతుంది. ఇద్దరితో ఆపేయాలని ఆ ఇళ్లు ఎందుకు అనుకున్నాయి? ఆస్ట్రేలియన్ జనాభా శాస్త్రజ్ఞుడు జాన్ కాల్డ్‌వెల్ 1976లో ఒక సిద్ధాంతం చెప్పాడు. పిల్లల నుంచి పెద్దలకు సంపద పారినంతకాలం కాన్పులు ఆగవు, పెద్దల నుంచి పిల్లలకు పారడం మొదలైతే ఆగుతాయి. ఆ మలుపు తిప్పేది బడి. మన మెట్ట ఊళ్లలో ఈ మలుపును కళ్లారా చూశాం. ఎకరాలు గుంటలయ్యాయి, బోర్లు ఎండాయి, కట్నం పెరిగింది, పసుపు రంగు కాన్వెంటు బస్సు ఊళ్లోకి వచ్చింది. ఇద్దరికైతే ఫీజు కట్టగలం, ముగ్గురికి కట్టలేం అన్న లెక్క చదువురాని తల్లి వేసిన లెక్క. ఊరికి పట్నం రోడ్డు రాకముందే, పట్నంలో కొడుక్కి ఉద్యోగం అన్న ఆశ వచ్చింది. ఆ ఆశే కుటుంబాన్ని కుదించింది.

ఆ పిల్లలు నిజంగానే పట్నం వెళ్లారు. 2001 నుంచి 2011 వరకు ఉమ్మడి రాష్ట్ర గ్రామీణ జనాభా 2 శాతం కూడా పెరగలేదు, పట్టణ జనాభా మూడోవంతుకు పైగా పెరిగింది. ఇంటికి ఇద్దరే ఉన్న ఊరు ఇద్దర్నీ హైదరాబాద్‌కో, బెంగళూరుకో, డాలస్‌కో పంపితే మిగిలేది ముసలివాళ్లు. కరీంనగర్ వైపు వరినాట్లకు బీహార్ నుంచి కూలీలు వస్తున్నారు, ఇటుకబట్టీల్లో ఒడిశా బలంగీర్ కుటుంబాలు పనిచేస్తున్నాయి. మన ఊళ్లలో పుట్టని పిల్లల స్థానంలో వాళ్లు వచ్చారు. వాళ్ల పిల్లలకు తెలుగు బడిలో చోటుందా అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

పాలకులకు ఇప్పుడు కంగారు పుట్టింది. 1994 చట్టంతో ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదన్నారు. 2024 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధన తీసేసింది. ఎక్కువ మందిని కనండి అన్న పిలుపు కూడా ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి నోటే విన్నాం. నియోజకవర్గాల పునర్విభజనలో దక్షిణాదికి సీట్లు తగ్గుతాయన్న భయం దీని వెనక ఉంది, అది న్యాయమైన భయమే. కానీ వద్దంటే ఆగారు, కావాలంటే కంటారు అనుకోవడం పొరపాటు. దక్షిణ కొరియా దశాబ్దాలుగా డబ్బు కుమ్మరిస్తున్నా 2023లో అక్కడ స్త్రీకి 0.72కి పడిపోయింది. ఫీజు లెక్క వేసి ఇద్దరితో ఆపిన తల్లి కూతురు, హైదరాబాద్‌లో ఇంటి కిరాయి లెక్క వేసి ఒక్కరితో ఆపుతోంది. ఆ లెక్క మార్చగలిగేది కిరాయి, ఫీజు, ఉద్యోగం చేసే తల్లికి దొరికే తోడు. ఉపన్యాసాలు కాదు. నాదీ ఉపన్యాసమే, సరే.

చివరగా ఒక విన్నపం. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు, ముందురోజే హైదరాబాద్ నుంచి బస్సులు కిక్కిరిసి ఊళ్లకు పోయాయి. ఏళ్ల తరబడి నగరంలో బతుకుతున్నవాళ్లు ఊళ్లో పేరు రాయించుకోవడానికి వెళ్లారు. రేషను కార్డు పోతుందేమో, పింఛను ఆగుతుందేమో, ఊరు తమది కాకుండా పోతుందేమో అన్న భయం. ఆ భయాన్ని అర్థం చేసుకోవాలి. అయితే ఇప్పుడు, 2011 తర్వాత ఇన్నేళ్లకు, 2027 మార్చి 1 ప్రాతిపదికగా జనగణన జరగబోతోంది. మన బస్తీలకు ఎన్ని అంగన్‌వాడీలు, ఎంత తాగునీరు, ఎన్ని బడులు అన్నది పదేళ్లపాటు ఆ అంకెల మీదే ఆధారపడుతుంది. లెక్కలవాళ్లు తలుపు తట్టినప్పుడు ఎక్కడ ఉంటున్నారో అక్కడే ఉన్నామని చెప్పండి. ఎక్కడ పుట్టారో, ఎన్నేళ్ల కింద వచ్చారో ఉన్నది ఉన్నట్టు రాయించండి. ఇంట్లో ఆడవాళ్లు చేసే పనిని పనిగానే రాయించండి. మీ పక్కన కట్టుబడి పనిలో ఉన్న ఒడిశా, బీహార్ కుటుంబాల దగ్గరకు కూడా లెక్కలవాళ్లను తీసుకెళ్లండి. విద్యార్థులు ఈ పనికి ముందుకొస్తే మాస్టారి శిష్యులమందరం వెంట ఉంటాం.